నాలుగో మడి గట్టు మీది నీలం డబ్బా

ఈ ఏటి ఎండల పుస్తకంలో ముప్పై తొమ్మిదో రోజు నుంచి నలభై ఏడో రోజు దాకా నా చేతిరాతలో ఉన్న మధ్యాహ్నపు అంకెలు చాలావరకు అబద్ధం. ఆ పేజీలు చింపెయ్యనా అని అడిగాను. ఊరి సభ ఒప్పుకోలేదు. "అవి అట్టనే ఉండనీ. జరిగింది జరిగినట్టు పక్కన రాసిపెట్టు," అన్నాడు సభపెద్ద ఏసోబన్న. అందుకని రాస్తున్నాను. నా పేరు తిరుపాలమ్మ. కొత్తకొటారులో వాతావరణ పెట్టె తయారు చేసిందీ, చూసుకునేదీ నేనే.

ఎండకారు, 36వ రోజు

మా ఊరి నుంచి అరవై రెండు మంది ఉప్పు మడుల్లో దిగుతారు. ఆ ఉప్పు బ్యాటరీల ఫ్యాక్టరీకి పోతుంది, బదులుగా బియ్యం, మందులు, సోలార్ పలకలు వస్తాయి. మడుల్లోకి ఎప్పుడు దిగాలో, ఎప్పుడు గట్టెక్కాలో చెప్పేది మా మిద్దె మీది సైరన్. ఎండ ఒక్కటీ చూస్తే చాలదు. సముద్రం మీది తేమ తోడైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరులో కనపడే అంకెను మేం తడివేడి అంటాం. అది ముప్పై ఒకటి దాటితే సైరన్ మోగుతుంది, అందరూ పని వదిలేసి నీడశాలలోకి వచ్చేస్తారు.

ఆ అంకెను లెక్కగట్టే సెన్సారు నాలుగో మడి గట్టు మీద ఇనపగొట్టానికి ఉంది. ఊరికి కిలోమీటరున్నర దూరం. తొమ్మిది తెల్ల ప్లాస్టిక్ పళ్ళేలు బోర్లించి ఒకదాని కింద ఒకటి పేర్చాను, సెన్సారు వాటి మధ్య నీడలో ఉంటుంది. అన్నిటికంటే కింద రేడియో డబ్బా. అది అర నిమిషానికోసారి కొలత పంపుతుంది, మా మిద్దె మీది యాంటెన్నా అందుకుంటుంది, లోపల స్క్రీన్ మీద అంకె పడుతుంది. పాత ఊరు మునిగినప్పుడు మోసుకొచ్చిన ఫోన్లు, ఫ్యాన్లు విప్పి చేసుకున్నదే అదంతా. నాకు ఎవరూ నేర్పలేదు. ఆ మాట నేను రోజుకోసారైనా ఎవరో ఒకరి ముందు అనేదాన్ని.

ఆ వారంలో కబురొచ్చింది. పొరుగూళ్ళు మెరకపాలెం, ఇసకదిన్నె వాళ్ళు మా పెట్టెను చూసి అలాంటిదే కట్టుకుంటారట, నలభై అయిదో రోజు వస్తారట. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. రేడియో డబ్బా పళ్ళేల కింద ఎవరికీ కనపడకుండా ఉందని, దాన్ని విప్పి గొట్టం కొసకు ఎక్కించాను. ముదురు నీలం రంగు వేసి, మీద తెల్ల అక్షరాలతో "కొత్తకొటారు" అని రాశాను.

పక్క మడిలో ఉప్పు లాగుతున్న మాలకొండయ్య మామను పిలిచి చూపించాను. మడుల్లో దిగేవాళ్ళందరిలో ఆయనే పెద్ద, అరవై రెండేళ్ళు.

"ఎట్టుంది మామా?"

"పెళ్ళికూతురి పెట్టె మాదిరుందే!" అని నవ్వాడు.

38వ రోజు

పదకొండూ నలభై నుంచి పన్నెండూ అయిదు దాకా కొలత రాలేదు. స్క్రీన్ మీద అంకె ఉండాల్సిన చోట గీత. గాజు థర్మామీటరు పట్టుకుని నేనే నాలుగో మడికి పరుగెత్తాను. ముప్పై మీద రెండు, అంటే 30.2. సైరన్ అవసరం లేదు. తిరిగి వచ్చేసరికి అంకెలు మళ్ళీ వస్తున్నాయి.

సాయంత్రం బ్యాటరీ మార్చాను. పాతదాన్ని మీటరుతో చూస్తే దానిలో లోపం ఏమీ లేదు. యాంటెన్నా అతుకు దగ్గర ఉప్పు పేరుకుంటే గీకేసి, మైనం పూసి వచ్చాను.

39వ రోజు

మళ్ళీ అదే వేళకు, ఈసారి ముప్పై అయిదు నిమిషాలు. పొద్దున, సాయంత్రం మాత్రం ఒక్క కొలత కూడా తప్పిపోలేదు. యాంటెన్నా ఎత్తు పెంచాను, తీగ మార్చాను. ఏమీ తేడా లేదు.

పుస్తకంలో పది నిమిషాలకొక గడి. ఖాళీ గళ్ళు చూస్తే ఒళ్ళు మండింది. ముందు అంకె ముప్పై, తర్వాతి అంకె ముప్పై మీద నాలుగు. మధ్యలో ఏముంటాయి, ఒకటి, రెండు, మూడు. నింపేశాను. ఆ గళ్ళే మొదటి అబద్ధం. రాస్తున్నప్పుడు అది అబద్ధమని కూడా అనిపించలేదు.

41వ రోజు

అతిథులు వచ్చిన పూట స్క్రీన్ మీద గీత పడితే ఎలా? రోజంతా ఇదే ఆలోచన. చివరికి ప్రోగ్రాంలో రెండు వరుసలు కలిపాను. కొత్త కొలత రాకపోతే పాత అంకెనే చూపిస్తూ ఉంటుంది, పుస్తకం కోసం దాచే లెక్కలో కూడా దాన్నే రాసుకుంటుంది. అతిథులు వెళ్ళేదాకానే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

అప్పటి నుంచి స్క్రీన్ మీద గీత పడలేదు. ఖాళీ ఉందో లేదో నాక్కూడా తెలిసే దారి లేకుండా పోయింది.

43వ రోజు

డబ్బాలో తప్పు లేదని నాకు నేను తీర్మానించుకున్నాను కాబట్టి తప్పు బయట ఉండాలి. తూర్పు వరుస ఇళ్ళ చివర, నాలుగో మడికి దగ్గర్లో, వెంగమ్మ మంచినీళ్ళ మిషను నడుపుతుంది. ఉప్పుబోరు నీళ్ళను మంచినీళ్ళు చేసి తొమ్మిది ఇళ్ళకు పోస్తుంది. మోటారు సోలారుది, ఎండ బాగా ఉన్నప్పుడే తిరుగుతుంది. నా ఖాళీలు కూడా ఎండవేళే. ఇంకేం కావాలి?

సభలో చెప్పాను. ఆ మోటారు చేసే రొద నా రేడియోను మింగేస్తోందని.

వెంగమ్మ లేచింది. "అక్కా, మోటారు ఆపి చూశావా?"

"చూడక్కర్లేదు. వేళలు సరిపోతన్నాయి గదా."

"ఆపి చూసి చెప్పు. నేనే ఆపుతా, నువ్వు చూడు. అప్పటికీ నాదే తప్పంటే పలుగు తీసుకుని నేనే పగలగొడతా."

"నీకు రేడియో సంగతేం తెలుసు వెంగమ్మా?" అన్నాను. అందరి ముందు అన్నాను. రెండు బెంచీల అవతల ఎవరో నవ్వారు కూడా.

ఏసోబన్న నా మాటకే విలువిచ్చాడు. పది నుంచి నాలుగు దాకా మోటారు తిరగకూడదని తీర్పయింది. ఆ వేళ తప్పితే ఆ మోటారుకు సరైన ఎండే లేదు. మర్నాటి నుంచి తూర్పు వరుస వాళ్ళు పడమర బావి దాకా బిందెలు పట్టుకుని నడిచారు.

45వ రోజు

అతిథులు పదకొండు మంది వచ్చారు. స్క్రీన్ చూశారు, నీలం డబ్బా కింద నిలబడి ఫోటో తీసుకున్నారు. నేను గీసిన బొమ్మలు, ప్రోగ్రాం కాగితాలు అడిగి తీసుకున్నారు. ఆ రెండు వరుసలూ కాగితాల్లో ఉన్నాయి.

"మధ్యలో కొలత ఎప్పుడన్నా పోద్దా?" అని మెరకపాలెం మనిషి అడిగాడు.

"ఒక మోటారు వల్ల పోయేది. ఆపించాం. ఆపిన రోజు నుంచి ఒక్క ఖాళీ లేదు," అన్నాను.

ఖాళీలు నలభై ఒకటో రోజు నుంచే లేవు, నేనే మూసేశాను కాబట్టి. ఆ సంగతి ఆ మాట అంటున్నప్పుడు నాకు గుర్తుందా అని చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఉంది. గొంతు దగ్గరే ఉంది.

వాళ్ళు పడవెక్కుతుంటే ఎదురుగా వెంగమ్మ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. నన్ను చూసి పక్కకు తప్పుకుని దారిచ్చింది.

అతిథులు వెళ్ళిపోయారు. ఆ రెండు వరుసలు తీసెయ్యాలి. రేపు తీద్దాం అనుకున్నాను.

47వ రోజు

పొద్దుటి నుంచి తూర్పు గాలి. మెట్లెక్కుతుంటే చీర ఒంటికి అతుక్కుపోయింది. పైకి వెళ్ళి స్క్రీన్ చూశాను, ముప్పై మీద నాలుగు. నా ఒళ్ళు ఒకటి చెబుతోంది, స్క్రీన్ ఇంకొకటి చెబుతోంది. స్క్రీన్‌నే నమ్మాను. ఇసకదిన్నె వాళ్ళకు ఇంకో బొమ్మ కావాలంటే గీస్తూ కూర్చున్నాను. ఇంకోసారి తల ఎత్తినప్పుడు కూడా ముప్పై మీద నాలుగే. బాగుందే, నిలకడగా ఉంది అనుకున్నాను.

పన్నెండూ ఇరవై అయిదుకు కింద కేకలు. మాలకొండయ్య మామ నాలుగో మడిలో పడిపోయాడు.

సైరన్ మీట చేత్తో లాగి పరుగెత్తాను. ఆయన్ని నలుగురు మోసుకొచ్చి దగ్గర్లో ఉన్న వెంగమ్మ షెడ్డులో పడుకోబెట్టారు. ఒంటి మీద ఒక్క చెమట చుక్క లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. వెంగమ్మ మోటారు వేసేసింది. పైపుతో ఆయన మీద నీళ్ళు కొడుతోంది, తన చీరలు తడిపి చంకల్లో, మెడ కింద, తొడల మధ్య పెడుతోంది, విసరమని ఇద్దరి మీద అరుస్తోంది. నన్ను చూసింది.

"మోటారు ఏశానక్కా. రాసుకో నీ పుస్తకంలో."

నేను ఇంకో చీర తడిపి అందించబోయాను. తీసుకోలేదు. పక్కావిడ చేతిలోంచి తీసుకుంది.

గంటకు ఒంటి వేడి తగ్గింది. పడవలో ఆసుపత్రికి పంపారు. గాజు థర్మామీటరు తీసుకుని నాలుగో మడికి వెళ్ళాను. ముప్పై రెండు మీద ఎనిమిది. స్క్రీన్ మీద ఇంకా ముప్పై మీద నాలుగే ఉంది. పదకొండూ ఇరవై నుంచి అదే ఉంది.

48వ రోజు

పొద్దున్నే నీడశాలలో సభ. ఎవరూ పనిలోకి దిగలేదు. సైరన్ ఎందుకు మోగలేదని ఏసోబన్న అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే వెనక నుంచి ఎవరో అన్నారు:

"మోటారు ఏసింది గదా. ఏయొద్దన్నా ఏసింది. దానివల్లే కొలత పోయుంటది."

"అదేగా. నిన్న మోటారు తిరగతానే ఉందిగా," అని ఇంకొకరు.

నాలుగైదు తలలు వెంగమ్మ వైపు తిరిగాయి. ఆమె మోటారు వేసింది మామ పడిపోయాక. నాకు తెలుసు, అప్పుడు ఆ షెడ్డులో ఉన్నవాళ్ళకు తెలుసు. వాళ్ళంతా ఆసుపత్రి దగ్గర ఉన్నారు. వెంగమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపే చూస్తూ కూర్చుంది.

వెంటనే లేచి చెప్పానని రాసుకోవాలని ఉంది. లేవలేదు. నాకు ఒక దారి దొరికింది, ఊరంతా కలిసి తీసి పెట్టిన దారి. నోరు మెదపకుండా కూర్చుంటే చాలు. ఏసోబన్న రెండోసారి, "తిరుపాలమ్మా, అంతేనా?" అని అడిగేదాకా కూర్చున్నాను. నేను ఎంతసేపు కూర్చున్నానో అందరూ చూశారు.

"కాదన్నా," అన్నాను. "మామ పడ్డాకే ఏసింది. సైరన్ మోగకపోవడం నా వల్ల."

అన్నీ చెప్పాను. నింపిన గళ్ళు, రెండు వరుసలు, ఆపి చూడకుండానే మోటారు ఆపించిన సంగతి, అతిథులకు చెప్పిన మాట. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని కోరుకున్నాను.

మామ కూతురు సుభాషిణి ఒక్కటే అడిగింది. "మా నాయనకు పదకొండున్నరకే కళ్ళు తిరిగినయ్యంట. గట్టెక్కు మామా అని పక్కోళ్ళు అంటే, సైరన్ మోగలా గదా, తిరుపాలు పెట్టెకు మనకంటే బాగా తెలుసు అన్నాడంట. దానికేం చెప్తావు వదినా?"



49వ రోజు

రెండు వరుసలు తీసేశాను. ఏసోబన్న, వెంగమ్మ పక్కన నిలబడి ఉండగా తీశాను. అది సభ పెట్టిన షరతు. ఇద్దరికీ తెలియకుండా పెట్టెను ముట్టుకోకూడదు.

మోటారు వేసి చూశాం. పదకొండున్నరకు అంకెలు ఆగిపోయాయి. మోటారు ఆపాం. అప్పటికీ రాలేదు. మళ్ళీ వేశాం, మళ్ళీ ఆపాం. ఆరు రోజుల కిందట ఆమె అడిగిన పరీక్షకు ఇరవై నిమిషాలు పట్టింది.

"సరేనా?" అంది వెంగమ్మ.

"సరే," అన్నాను.

చేతిలో పట్టే చిన్న రిసీవరు తీసుకుని ముగ్గురం నాలుగో మడికి వెళ్ళాం. గొట్టం కిందే నిలబడినా డబ్బా నుంచి చప్పుడు లేదు. అంటే దూరం కాదు, రొద కాదు, యాంటెన్నా కాదు. నిచ్చెన వేసుకుని ఎక్కాను. డబ్బా మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాను. అరచెయ్యి కమిలింది.

"ఏందక్కా?"

"కాలిపోతంది."

వెంగమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. తల మీది తుండు తీసి, వెంట తెచ్చిన నీళ్ళ బుంగలో ముంచి, పైకి విసిరింది. "మామకు చేసినట్టే దీనికీ చెయ్యి."

తడిగుడ్డ డబ్బాకు చుట్టి పట్టుకున్నాను. నాలుగో నిమిషంలో నా నడుముకు కట్టుకున్న రిసీవరు కిచకిచమంది. అంకె వచ్చింది. గుడ్డ తీసేశాను. పన్నెండు నిమిషాలకు మళ్ళీ ఆగిపోయింది. మూడుసార్లు చేశాం. మూడుసార్లూ అంతే.

పళ్ళేల కింద నీడలో ఉన్నన్ని నాళ్ళూ ఆ రేడియో ఒక్క కొలత కూడా పోగొట్టలేదు. నేను దాన్ని నీడలోంచి తీసి, గొట్టం కొసకు ఎక్కించి, ఎండను తాగే రంగు పూశాను. లోపలి రేడియో చిప్పు అంత వేడిని తట్టుకోలేక, మా యాంటెన్నా వినే ఫ్రీక్వెన్సీ నుంచి పక్కకు జారిపోతోంది. వేడి తగ్గగానే మళ్ళీ సర్దుకుంటోంది. అందుకే పొద్దున బాగుంటుంది, సాయంత్రం బాగుంటుంది.

ఇది ఏసోబన్నకు అర్థమయ్యేలా చెప్పాను. ఆయన డబ్బా వైపు చూశాడు.

"రంగెందుకేశావమ్మా?"

"అతిథులకు కనపడాలని."

ఆయన నిచ్చెన పట్టుకునే ఉన్నాడు, నేను దిగేదాకా.

రంగు గీకేసి సున్నం కొట్టాను. డబ్బాను మళ్ళీ పళ్ళేల కింద బిగించాను.

51వ రోజు

నిన్న, ఇవాళ మధ్యాహ్నం ఒక్క కొలత తప్పలేదు. సంతోషించడానికి నాకు మొహం చెల్లలేదు.

మెరకపాలెం, ఇసకదిన్నె వాళ్ళకు రేడియోలో కబురు నిన్ననే పంపాం. అది చాలదని, మనిషి మొహం చూసి చెప్పాలని సభ అంది. తెల్లారగానే పడవలో మెరకపాలెం వెళ్ళాను. వాళ్ళ పెట్టె అప్పటికే నిలబెట్టారు. డబ్బా గొట్టం కొసన ఉంది, ముదురు ఆకుపచ్చ రంగులో, మీద ఊరి పేరు. నా బొమ్మలో ఉన్నట్టే చేశారు.

వాళ్ళ సభలో నిలబడి మొదటి నుంచి చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకున్నాను. కాలేదు. నన్ను ఆ రోజు ప్రశ్న అడిగిన మనిషి తల వంచుకుని కూర్చున్నాడు, తప్పు ఆయన చేసినట్టు. ఒక ముసలమ్మ మాత్రం లేచి, "నువ్వు రాకుంటే మాకెట్టా తెలిసేది తల్లీ?" అంది. మంచి మనసుతోనే అంది. "నేను రాకుంటే కాదమ్మా. మా మామ పడకుంటే," అన్నాను.

అట్నుంచే ఇసకదిన్నె వెళ్ళాను. వాళ్ళు ఇంకా కట్టలేదు. కాగితాలు వెనక్కి ఇచ్చేశారు, కొత్తవి అడగలేదు.

53వ రోజు

సభ తీర్మానాలు ఇవి. అయిదు నిమిషాలు కొలత రాకపోతే సైరన్ దానంతట అదే మోగాలి. ప్రతి మడి గట్టు మీదా ఒక మీట ఉండాలి, ఒంట్లో బాగాలేదనిపించిన ఎవరైనా దాన్ని లాగొచ్చు, ఎందుకు లాగావని ఎవరూ అడగకూడదు. వెంగమ్మ మోటారు మీద ఆంక్ష లేదు. గంటకోసారి గాజు థర్మామీటరుతో కూడా చూసి, రెండో పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం వెంగమ్మది.

ఇక నా సంగతి. నన్ను తీసేసి ఇంకెవరికైనా అప్పగిద్దామని ముగ్గురు అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

"పాడైతే ఎవరు బాగుచేస్తారు?" అంది వెంగమ్మ. "ఉండనీండి. నేను పక్కనుంటా గదా."

సభ అయ్యాక ఆమె వెనకే నడిచాను. నీడశాల మెట్ల దగ్గర ఆపి, "నిన్ను అందరి ముందు అట్టా అన్నాను వెంగమ్మా..." అని మొదలుపెట్టాను.

"అన్నావు," అంది. "నీకేం తెలుసన్నావు. అది నేను మర్చిపోయానని అనుకోమాక. రేపు ఏడింటికి రా, ఆ గాజుదానికి గుడ్డ ఎట్టా చుట్టాలో చూపిద్దువు."

ఏడింటికి పది నిమిషాల ముందే వెళ్ళాను.

60వ రోజు

మాలకొండయ్య మామను ఆసుపత్రి నుంచి తెచ్చి నాలుగు రోజులైంది. ప్రాణానికి భయం లేదు. కుడిచెయ్యి వణుకుతోంది, మాట నెమ్మదించింది. ఎండలోకి ఇక దిగకూడదన్నారు. పగలంతా నీడశాల గుమ్మం పక్కన నులకమంచం మీద కూర్చుంటాడు. మొదటి మూడు రోజులు నేను వెనక గుమ్మం నుంచి వచ్చిపోయాను.

ఈ పొద్దున వెనక గుమ్మం దగ్గర బస్తాలు అడ్డం పెట్టారు. ముందు నుంచే రావలసి వచ్చింది. తల వంచుకుని దాటబోయాను.

"తిరుపాలూ," అన్నాడు.

ఆగాను.

"ఇయ్యాల... ఎంతుంది?"

ఆయన మొహంలో కోపం వెతికాను. లేదు. ఎప్పుడూ అడిగినట్టే అడిగాడు, మాట సాగదీసి. స్క్రీన్ చూసి వచ్చి అప్పటికి రెండు నిమిషాలే అయింది. అంకె నాకు తెలుసు.

"చూసొస్తా మామా," అన్నాను.

గాజు థర్మామీటరు, నీళ్ళ సీసా తీసుకుని నాలుగో మడికి నడిచాను. గుడ్డ తడిపి, గాలికి పట్టుకుని, అంకె కదలడం ఆగేదాకా పది నిమిషాలు నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి జనం టోపీలు పెట్టుకుని, ఉప్పు లాగే చెక్కలు భుజాన వేసుకుని, గుమ్మం ముందు ఎదురుచూస్తున్నారు. వెంగమ్మ రెండో పుస్తకం తెరిచి పట్టుకుంది.

"ఇరవై ఎనిమిది మీద ఆరు," అన్నాను. వెంగమ్మ రాసుకుంది.

మామ తల ఊపాడు. "అయితే... దిగమను."

వాళ్ళందరూ నా వైపు చూశారు. మామ మంచం మీద నుంచి ఎడమ చెయ్యి చాచి, నా మోచేతి మీద ఒకసారి తట్టాడు.

"దిగండి," అన్నాను.

వాళ్ళు వెళ్ళారు. నేనూ వాళ్ళ వెనకే వెళ్ళి, ఆఖరి మనిషి గట్టెక్కేదాకా నాలుగో మడి గట్టు మీదే నిలబడ్డాను.